బొట్టు పెట్టిన డిస్కు

నాకు రాసేది రాదు. చెప్పేది వచ్చు. రాస్తా ఉండేది మా తోటికోడలు, అంటే నా మరిది పెళ్లాం. దాని మొగుడి సంగతి వచ్చేకాడ కూడా ఉన్నదున్నట్టు రాయాల, కోత పెట్టకూడదని ముందే చెప్పినా. "సరే అక్కా, నువ్వు చెప్పు" అనింది. కాబట్టి దీంట్లో మాట తప్పుంటే నాది, అచ్చరం వంకర పోయింటే దానిది.

తిరుత్తణి కొండ కింద, మెట్లదారికి పొయ్యే సందులో మాకొక ఫొటో కొట్టు ఉండాది. మా ఇంటాయన పెట్టింది. పెద్ద కొట్టేం కాదు. ఒక కంప్యూటరు, ఒక ఫొటో ప్రింటరు, గోడకి నీలం గుడ్డ, దాని ముందర ఒక స్టూలు. కొండమింద పిల్లోళ్లకి గుండు కొట్టించి, చెవులు కుట్టించి, కిందికి దిగినాక, నెత్తిన తడి ఆరకముందే మా కొట్టుకి వస్తారు. మేనమామ ఒళ్లో బిడ్డని కూర్చోబెట్టి ఫొటో తీసేది. వాళ్లు పక్క హోటల్లో ఇడ్లీ తినొచ్చే లోపల ఫొటో అచ్చేసి, ప్లాస్టిక్ కాగితం అతికించి చేతిలో పెట్టేది. అదీ పని.

ఆ సందులో ఫొటో కొట్లు ఇంకా నాలుగుండాయి. అయినా జనం మమ్మల్ని ఎతుక్కుంటా వచ్చేది ఒక్కదానికి. మూడేండ్లకో నాలుగేండ్లకో వాళ్లే రెండో బిడ్డనెత్తుకొని వస్తారు. "పెద్దోడి గుండు ఫొటో ఉందా అన్నా?" అంటారు. ఇంట్లో ఉండేదానికి చెమ్మ పట్టింటాది, ఫోన్లో ఉండేది ఫోన్‌తోనే పోయింటాది. మా ఆయన కంప్యూటర్ పెట్టెలో వెతికి, పెద్దోణ్ణి బయటికి తీసి, చిన్నోడి పక్కన పెట్టి ఒకే చట్టంలో ఇచ్చేవాడు. ఇన్నేండ్లలో ఒక్క బిడ్డ ఫొటో కూడా పారెయ్యలేదు. ఆ పెట్టెలో ఉండే పాత ఫొటోలే మా కొట్టు. అవి పోతే మిగిలేది నీలం గుడ్డ.

పోయిన కార్తీకంలో ఆయన పోయినాడు. గుండె. రెండు నెల్లు ఆస్పత్రికీ ఇంటికీ తిరిగినాం, అంతే. మాకు పిల్లల్లేరు.

పదకొండో దినం అయిందో లేదో నా మరిది వచ్చి అరుగుమింద కూర్చున్నాడు. మంచోడే. నాకు కష్టమొస్తే ముందర ఉరికొచ్చేది వాడే. కానీ వాడు చేసే మంచంతా వాడికి తోచినట్టే ఉండాల.

"వొదినా, కొట్టు ఇంగ నువ్వెట్ట నడుపుతావు? నాకియ్యి. సెల్‌ఫోన్ కవర్లు పెట్టుకుంటా. నీ బువ్వకి లోటు రానియ్యను."

"నేను నడుపుతా."

"నువ్వా?" అన్నాడు. "కోప్పడొద్దు వొదినా. గుండు కొట్టించేది శుభకార్యం. బిడ్డనెత్తుకొని వచ్చినోళ్లు నీ మొగం చూస్తే లోపలికి వస్తారా?"

"నా మొగం చూసేదానికి ఎవురూ రారు. వాళ్ల బిడ్డ మొగం చూసుకొనేదానికి వస్తారు."

"సరే, వచ్చినారే అనుకో. పెట్టె యాడుండాది? అదే సచ్చిపాయ కదా."

పెట్టె సచ్చింది ఎట్టంటే, అది కూడా వాడి చేతిలోనే. కొట్టు ఊడ్పిస్తానని నా తావ తాళం తీసుకొని పొయ్యినాడు. పొయ్యినోడు ఊరికే ఉండకుండా కంప్యూటర్ వేసినాడు. రెండు నెల్లు మూతబడిన పెట్టె, ఏదో లోపల సర్దుకుంటా ఉందంట, ఆపొద్దు ఆపొద్దని తెరమింద చూపిస్తానే ఉందంట. వీడు పది నిమిషాలు చూసి, విసుగుపుట్టి, గోడకాడ స్విచ్ పీకేసినాడు. మళ్ల వేస్తే నల్ల తెర, దానిమింద తెల్ల అచ్చరాలు రెండు వరసలు. అంతే. ఎన్నిసార్లు వేసినా అంతే. ఇదంతా వాడే చెప్పినాడు, తప్పు పెట్టెది అన్నట్టు.

వాడి ముందరే చెప్పేసినా. "ఆడికృత్తికకి ఆ పెట్టె లేస్తాది. లేవకపోతే కొట్టు తాళం నీ చేతికిస్తా. లేస్తే ఇంగ ఆ కొట్టు మాట నువ్వెత్తకూడదు."

ఆడికృత్తిక అంటే ఆషాఢం తట్టు కొండమింద సామికి జరిగేది, మా ఊరికి పెద్ద పండగ. కావళ్లెత్తుకొని జనం వరదమాదిరి వస్తారు. ఆ పొద్దు తెరవని కొట్టు ఇంగెప్పుడు తెరిచినా ఒకటే.

"నువ్వు మాటిచ్చినావు వొదినా" అన్నాడు మరిది, చెప్పులేసుకుంటా.

"ఇచ్చినా. పో."

ఇచ్చినాను గానీ, నాకు తెలిసిందేముండాది? మూడో తరగతి దాకా పొయ్యినా నేను. మాది పళ్లిపట్టు తట్టు పల్లె, అప్పుడు బడిలో తెలుగు చెప్పేవాళ్లు. ఒక్కొక్క అచ్చరం కూడబలుక్కుంటే తెలుగు వస్తాది. తమిళం బస్సు బోర్డు వరకు. ఇంగ్లీషు అంకెలు తెలుసు, అచ్చరాలు తెలీవు. కానీ ఇరవై ఏండ్లు ఆయన పక్కన కూర్చున్నా. మధ్యాన్నం క్యారియర్ తీసుకొని పొయ్యేది, ఆయన తినే వరకు ఉండేది. పెట్టె మొరాయించినప్పుడు ఆయన ఏం చేస్తాడో మూడుసార్లు కండ్లారా చూసినా.

ఆయన తావ ఒక డిస్కు ఉండేది. వెండిపళ్లెంమాదిరి మెరిసేది. "లోపల సిస్టం చెడిపోతే పెట్టెకి దోవ తెలీదే" అని నాకు చెప్పినాడొకసారి. "ఈ డిస్కులో ఇంకో సిస్టం మొత్తం ఉండాది. పెట్టెలో ఏ సామానూ ముట్టుకోకుండా డిస్కులోనించే లేస్తాది. లేచినాక ఇల్లంతా తిరిగి చూసుకోవచ్చు. కావాలంటే దాన్నే లోపల కాపురం పెట్టించొచ్చు." ఆ మాట నాకు మనసులో నిలిచిపోయింది. ఆ డిస్కు సొరుగులోనే ఉందని కూడా తెలుసు.

అయినా నేను తొందరపడి చెయ్యి పెట్టదల్చుకోలా. ముందర తెలిసినోడికి చూపిద్దామని పెట్టెని పాత నూలుచీరలో మూటగట్టి, డిస్కు సంచిలో వేసుకొని, తిరువళ్లూరు రైలెక్కినా. ఆడోళ్ల రైలుపెట్టెలో ఒకామె మూటకి కాలానించి కూర్చునింది.

"కాలు తియ్యమ్మా" అన్నా.

"ఏముండాది? దేవుడా?"

"పిల్లోళ్లుండారు" అన్నా. తీసేసింది. తిరువళ్లూరు వచ్చేదాకా నా తట్టు తిరిగి చూడలా.

తిరువళ్లూరులో స్టేషన్ కాడ మెకానిక్ ఒకడుండాడు. మన మాటే మాట్లాడతాడు. మా ఆయనకి రోంత తెలిసినోడే. వయర్లు తగిలించి, తెర చూసి, ఒక్క నిమిషంలో తేల్చేసినాడు.

"సిస్టం పోయిందక్కా. ఫార్మాట్ కొట్టి కొత్తది ఎక్కిస్తా. పొయ్యి టీ తాగేసి రా."

"ఫొటోలు?"

"ఫార్మాట్ అంటే అంతా పోతాది కదక్కా."

"ఫొటోలు పోకుండా?"

"అది నా వల్ల కాదు. మద్రాసుకి పంపించాల. ఎన్ని నెల్లు పడతాదో తెలీదు, వస్తాయని గ్యారంటీ లేదు. చూడక్కా, ఊరోళ్ల బిడ్డల ఫొటోలు నీకెందుకు? కొత్తగా మొదులుపెట్టు."

నేను సంచిలోనించి డిస్కు తీసి బల్లమింద పెట్టినా. ఆయప్ప దాన్ని ఇట్ట తిప్పినాడు, అట్ట తిప్పినాడు, వెలుతురికి పట్టుకున్నాడు. పక్కనోణ్ణి పిలిచి చూపించినాడు. ఇద్దరూ నవ్వేదానికి మొదులుపెట్టినారు.

"సీడీకి బొట్టు పెట్టినావా అక్కా? మరి సీమంతం ఎప్పుడు?"

పెట్టినా. లేదనను. పోయినేడు ఆయుధపూజ నాడు ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. ప్రతి ఏడూ కొట్టులో పూజ మేమిద్దరం చేసేది. ఆయన సామాన్లు తుడుస్తాడు, నేను గంధం కుంకమ పెడతా. ఆ ఏడు నేనొకదాన్నే పొయ్యినా. కెమెరాకి పెట్టినా, ప్రింటరుకి పెట్టినా, మౌసుకి పెట్టినా, కత్తెరకి పెట్టినా. డిస్కు కనపడింది. ఒకతట్టు రాతలుండాయి, ఇంకో తట్టు అద్దంమాదిరి తళతళలాడతా ఉంది. మెరిసేదే మొగం అనుకున్నా. మూడు వేళ్లతో గంధం పట్టీ వేసి, నడుమ కుంకమ పెట్టినా. ఆయన కోసం ఆ పొద్దు దేనికీ తక్కువ చెయ్యకూడదని మిగిలిన గంధం కూడా దానికే పూసినా. ఆ మెరిసే తట్టే చదివే తట్టని నాకెవురు చెప్పినారు?

మెకానిక్ దాన్ని పెట్టెలో తోసి చూసినాడు. లోపల కర్రు కర్రుమని అరిచింది. ఏమీ రాలా. బయటికి తీసి నా చేతిలో పెట్టినాడు.

"కుప్పలో వేసెయ్యి అక్కా."

"ఒక్క మాట చెప్పు. ఇది బాగుంటే పెట్టె లేచేదా?"

"బాగుంటే లేచేది. ఫొటోలు కూడా చూసుకోవచ్చు. నువ్వు జాతర చేసినావు కదా దానికి, ఇంగ యాడ బాగుంటాది?"

నాకు కావాల్సిన మాట దొరికింది. పెట్టెని మళ్ల చీరలో కట్టినా. "టీ తాగి పోక్కా" అన్నాడు. మంచోడే. తాగలా.

ఇంటికొచ్చి డిస్కు ముందర పెట్టుకొని కూర్చున్నా. గంధం ఎండి పెచ్చు కట్టింది. కుంకమ నూనె దిగి అంటుకొనింది. గోరుతో గీకితే గీత పడతాదని తెలుసు, కెమెరా అద్దం దెగ్గిర ఆయన నన్ను తిట్టిన తిట్లు నాకు గ్యాపకముండాయి. "గుండ్రంగా రుద్దొద్దే. నడుమలోనించి అంచుకి లాగు" అనేవాడు. గోరెచ్చని నీళ్లలో షాంపూ పాకెట్ చించి పోసి, డిస్కు నానబెట్టినా. గంధం మెత్తబడి ఊడొచ్చింది. కుంకమ రాలా. ఆయన పంచె చించి, దాంతో నడుమలోనించి అంచుకి, నడుమలోనించి అంచుకి, ఎన్నిసార్లు లాగినానో. నా మొగాన ఉండేది వాళ్లు తుడిచినారు. దీన్ది నేనే తుడిచినా. ఏడిసినానా అని అడిగింది తోటికోడలు ఇప్పుడు. లేదు. ఏడిస్తే కన్నీళ్లు డిస్కుమింద పడతాయి, మళ్ల తుడవాల.

తోటికోడలిది నగరి తట్టు. తెలుగులో చదువుకుంది, ఇంటరు దాకా. ఇంగ్లీషు కూడా చదవగలదు. నేను పిలవలా. అదే వచ్చింది, డిస్కు ఆరబెట్టి ఉండేది చూసింది.

"ఆదివారం నేనొస్తా అక్కా. మా ఆయనకి కొండకి పోతా ఉండానని చెప్తా."

"అబద్ధమెందుకు మే?"

"కొండ కింది దాకా వస్తా ఉండా కదా. సగం నిజమే."

"నీ మొగుడికి కొట్టు రాకుండా చేసేదానికి నువ్వెందుకు?"

"కొట్టు ఆయనకొస్తే పొద్దున్నించి రేత్రి దాకా కవర్లు అమ్ముకుంటా కూర్చోవాల్సింది ఎవురు? నేనే కదా." అనింది. మళ్ల, "నువ్వు గెలిస్తే చూడాలని కూడా ఉండాది" అనింది. ఈ మాట రాయొద్దంటా ఉంది. రాయి.

ఆదివారం మధ్యాన్నం కొట్టు షట్టరు సగం దించుకొని కూర్చున్నాం. కరెంటు పోకూడదని, నెలకొకసారి కరెంటు తీసే దినం అయిపొయ్యేదాకా కాచుకొని మరీ ఆ పొద్దు పెట్టుకున్నాం. డిస్కు లోపలికి తోసినా. స్విచ్ వేసేటప్పుడే పైవరసలో చివరి బటను విడవకుండా టకటక కొడతా ఉండాల, అది నాకు తెలుసు. ఆయన ఎడంచేత్తో మురుకు తింటా కుడిచేత్తో కొట్టేవాడు. మొదటిసారి నేను ఆలీసం చేసినా, పాత నల్లతెరే వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి స్విచ్ దాన్ని వెయ్యమని నేను బటను మిందే వేలు పెట్టుకొని కూర్చున్నా. అప్పుడొచ్చింది చిన్న పట్టీ.

"ఏముండాదో చదవమంటావా?" అనింది.

"వద్దు. రెండు కిందికి" అన్నా. ముగ్గుకి చుక్కలు ఎట్ట గ్యాపకముంటాయో అట్ట గ్యాపకముంది నాకు. రెండు కిందికి దిగి, నొక్కినా.

తెర నల్లగా అయిపోయింది. లోపల డిస్కు తిరుగుతా ఉంది. కర్రుమంటాది, ఆగతాది, మళ్ల తిరగతాది. నేను నూరు లెక్కపెట్టినా. మళ్ల నూరు. ఇంకో నూరు. తోటికోడలు చీర కొంగు మెలిపెడతా ఉంది. అప్పుడు తెరమింద రంగులొచ్చినాయి. మేము ఎప్పుడూ చూడని రంగులు, పక్కన నిలువుగా బొమ్మలు.

"లేచిందక్కా, లేచింది."

"ఇంకా లేవలా. లేచింది డిస్కు. పెట్టె ఇంకా పండుకొనే ఉంది" అన్నా. ఆ పొద్దు దానికంటే నాకే ఎక్కువ తెలుసని నాకే అప్పుడు తెలిసింది.

సంచిమాదిరి బొమ్మ నొక్కితే పెట్టె లోపల రెండు గదులు కనబడినాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. "చిన్నది సిస్టందే, పెద్దది పిల్లోళ్లది" అని ఆయన చెప్పింది ఉట్టిమాట కాదు. పెద్దగది తెరిచినా. ఏడాదికొక సంచి, దానిలోపల నెలకొక సంచి. పేర్లు లేవు, అన్నీ అంకెలే. నాకు అచ్చరాలు రావని అంకెలు పెట్టినాడు. నోరు తెరిచి అది నాతో ఎప్పుడూ చెప్పలా. ఒక నెల తెరిస్తే తెరనిండా గుండ్లు. ఏడిసే గుండ్లు, నిద్రపొయ్యే గుండ్లు, మామ చెవి కొరికే గుండు. తోటికోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వినా. ఆయన పోయినాక అదే మొదలు.

దాని తావ ఒక పెన్ డ్రైవ్ ఉంది. దాంట్లోకి ఒక ఏడాది ఫొటోలు ఎక్కించేసరికి నిండిపోయింది. మిగతా అన్నేండ్లవి పెద్దగదిలోనే. ఇంగ సిస్టమ్ని చిన్నగదిలోకి ఎక్కించాల, పెద్దగది మింద చెయ్యి పడకూడదు. పడితే తాళం మరిది చేతికి పొయ్యినట్టే.

ఎక్కించే బొమ్మ నొక్కినాం. మొట్టమొదట ఏ భాష అని అడిగింది. పొడుగు పట్టీ. ఏవేవో వంకర రాతలు. కిందికి దిగతా ఉంటే కనబడింది, గుండ్రంగా, మా అచ్చరాలు. తిరపతి బస్సు మింద తప్ప ఈ ఊర్లో యాడా కనపడని అచ్చరాలు. తె-లు-గు అని నేనే చదివినా.

"ఇంగ్లీషు పెట్టుకుందాం అక్కా, అదే అలవాటు."

"ఎవురికి అలవాటు? నాకు అర్థమయ్యేది పెట్టు."

పెట్టింది. తెరంతా తెలుగైపోయింది. ఏం తెలుగో అది. "కొనసాగించు" అంటాది, "స్థాపించు" అంటాది. పురాణం చెప్పే అయ్యవారుమాదిరి మాట్లాడతాది. తోటికోడలు చదవతా, కొనసాగించు నొక్కతా పోయింది. ఊరు అడిగింది, నొక్కింది. బటన్లు ఎట్టుండాయని అడిగింది, నొక్కింది. తర్వాత ఇంకో పేజీ వచ్చింది. మొదటి వరస ముందర చుక్క ముందే పెట్టి ఉండాది. అది కొనసాగించు కాడికి బాణం తీసుకొని పోతా ఉంది. నేను కూడబలుక్కుంటా ఉండా. డి-స్కు-ను. తు-డి-చి.

"ఆగు మే."

దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నా. గాజులు గుచ్చుకున్నాయంట, ఇప్పుడు చెప్తా ఉంది.

"చదువు, పూర్తిగా."

చదివింది. డిస్కునంతా తుడిచివేసి స్థాపించు. ఈ డిస్కు అంటే మా వెండిపళ్లెం కాదు, పెట్టె లోపలిది. అది నొక్కింటే చిన్నగది పెద్దగది అని లేకుండా అంతా ఊడ్చేసేది. ఇన్నేండ్ల బిడ్డలూ ఒక్క నొక్కుడికి పొయ్యేవాళ్లు. అది మౌసు మిందనించి చెయ్యి తీసేసింది. "ఇంగ్లీషులో ఉంటే నువ్వు ఆపిండేదానివి కాదు, నేను నొక్కేసిండేదాన్ని అక్కా, ముందర పేజీలన్నీ అట్టే నొక్కినా" అనింది. మంచినీళ్లు తాగమన్నా.

కింద ఇంకోటుంది, "మరొకటి" అని. అది నొక్కితే రెండు గదులూ పట్టీలుమాదిరి కనబడినాయి. చిన్నదాన్ని చూపించి, దీంట్లో పెట్టు, దీన్ని మాత్రం కడుగు అని చెప్పాల. పెద్దదాని ముందర ఏ గుర్తూ ఉండకూడదు. ఒకసారి చూసినాం, రెండుసార్లు చూసినాం, లేచి బయటికొచ్చి మెట్లదారి తట్టు చూసి, మళ్లొచ్చి చూసినాం.

"నువ్వు నొక్కు అక్కా. నా వల్ల కాదు."

పెద్దదాని ముందర గుర్తు లేదని ఇంకోసారి చూసుకున్నా. నొక్కినా.

ఆకుపచ్చ గీత ఒకటి కొద్దికొద్దిగా జరగతా ఉంది. సగం దాటింది. ముప్పావు కాడికొచ్చి నిలిచిపోయింది. డిస్కు కర్రు కర్రుమంటా ఉంది, నేను తుడిచినా పోని కుంకమ ఇంకా యాడో ఉంది కదా. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. గీత కదలదు.

"ఆపేసి మళ్ల మొదటినించి చేద్దామా?"

"స్విచ్ పీకేది మీ ఇంట్లో ఒకరు చేసినారు, చాలు" అన్నా. చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నా. ఆ కూర్చునింది నా జన్మలో చేసిన కష్టమైన పని. బయట ఎవురో షట్టరు కొట్టి ఫొటో తీస్తారా అని అడిగినారు. ఈ పొద్దు లేదు, ఆడికృత్తికకి రండి అని లోపలినించే అరిచినా. అరిచి తిరిగి చూస్తే గీత జరిగింది.

చివర్న డిస్కు బయటికి తియ్యి, నొక్కు అనింది. తీసినాం. నొక్కినాం. పెట్టె తనంతట తానే ఆరిపోయి, తనంతట తానే లేచింది, డిస్కు లేకుండా. పెద్దగది తెరిచినా. అంకెలన్నీ ఉండాయి. గుండ్లన్నీ ఉండాయి.

ప్రింటరు తోటి ఇంకో మూడు దినాలు పట్టింది. మొదటి బిడ్డ నీలంగా వచ్చినాడు, రెండో బిడ్డ సగమే వచ్చినాడు. అదంతా చెప్పను. అలవాటయింది.

కాని ఒకటి చెప్పాల. కొట్టులో లైటు వెలిగిందని తెలిసేసరికి సందంతా ఒకటే మాట. మద్రాసునించి ఎవురో మెకానిక్‌ని పిలిపించిందంట. కాదు, ఆయప్ప బతికుండగానే బాగుచేసి పెట్టిపొయ్యినాడంట. పూలంగడామె నా మొగం మిందే అడిగింది, "ఎవురమ్మా వచ్చి చేసింది?" అని. నేనే చేసినా అంటే, "అది సరే, చేసిందెవురు?" అనింది.

ఆడికృత్తిక వచ్చింది. తెల్లారక ముందే కావళ్ల జనం. మరిది పందెం తేల్చుకొనేదానికి వచ్చి కొట్టు ముందర నిలబడినాడు. తెర వెలగతా ఉండేది చూసినాడు. దాంట్లో తెలుగు చూసినాడు, వాడికి తమిళమే చదివేది వచ్చు. ఆడనించి పోలా. ఎవురైనా లోపలికి వస్తారా రారా, అది చూసేదానికి నిలబడినాడు. నాకు తెలుసు.

మొదటగా వచ్చింది ఒక కుటుంబం. బిడ్డ తల్లి, ఆమె అమ్మ, ఆమె తమ్ముడు, వాళ్ల చేతిలో కొత్త గుండు. ముసలామె నన్ను చూసింది, నా మొగాన ఏమీ లేకుండేది చూసింది, ఆగిపోయింది.

"ఆయప్ప లేడా?"

"లేడు. పోయినాడు."

"అట్టనా" అని, బిడ్డ తల్లి చెయ్యి పట్టుకొని, నాకు వినపడదనుకొని, "ఇంకో కొట్టుకి పోదాం రా" అనింది.

తాళం ఇంకా తనకే వస్తాదన్నట్టు మరిది అరచెయ్యి తుడుచుకున్నాడు.

"పోతే పోండి" అన్నా నేను. "కానీ ఇంతకు ముందు ఎవురికైనా ఈడ గుండు ఫొటో తీయించింటే అది నా తావే ఉండాది. ఇంకో కొట్టులో ఉండదు."

బిడ్డ తల్లి ఆగింది. "పెద్దోడిది తీయించినాం. నాలుగేండ్లయింది. మాసి నెల, శివరాత్రి అప్పుడు."

వేళ్లతో వెనక్కి లెక్కపెట్టుకున్నా. ఆ అంకె తెరిచినా, దాంట్లో ఆ నెల తెరిచినా. గుండ్ల నడుమ వెతికినా. ఈ తమ్ముడే, అప్పుడు మీసం లేదు, ఒళ్లో బిడ్డ నోరంతా తెరిచి ఏడస్తా ఉండాడు. పక్కన ముసలామె బిడ్డకి గిలక ఆడిస్తా ఉంది. తెర వాళ్ల తట్టు తిప్పినా.

ముసలామె కండ్లద్దాలు పైకి తోసుకొని ముందరికి వంగింది. చానాసేపు చూసింది.

"నేనప్పుడెంత బక్కగా ఉండానో చూడు" అనింది. "ఇది నాకు పెద్దదిగా ఒకటి తీసియ్యాల."

"ఇస్తా. ముందర చిన్నోణ్ణి కూర్చోబెట్టండి."

తమ్ముడు స్టూలు మింద కూర్చున్నాడు. ముసలామె తానే బిడ్డనెత్తి వాడి ఒళ్లో పెట్టింది. నేను కెమెరా ఎత్తినా.

"వొదినా" అన్నాడు మరిది వాకిట్లోనించి. "నిజం చెప్పు. ఎవురు చేసినారిది?"

నేను నోరు తెరిచే లోపలే లోపల్నించి తోటికోడలు లేచి నిలబడింది. పండగ పనికని తెల్లారే వచ్చి ప్రింటరు కాడ కూర్చోనుండాది. మొగుడి ముందర దాని గొంతు పైకి లేచేది నేనెప్పుడూ వినలా.

"అక్క చేసింది. నేను చదివినా" అనింది. "అడగాల్సిందేమన్నా ఉంటే నన్నడుగు."

వాడు దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. వాడి వెనకాల అప్పటికే ఇంకో రెండు గుండ్లు వరసలో నిలబడుండాయి.

"వాకిలికి అడ్డంగా ఉండావు" అన్నా నేను. "జనానికి దోవ ఇయ్యి."

జరిగినాడు.